పాత ఫ్లాట్‌లో హాయిగా బతకడం - 3వ పాఠం: కిటికీ మార్చకుండా చలిని ఆపడం

గత పాఠంలో అనుమతుల సంగతి చూశాం. స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలోని న్యూ టౌన్ అనే పాత పేటలో లిస్టెడ్ ఫ్లాట్ (అంటే చారిత్రక భవనాల జాబితాలో చేరి చట్టరక్షణ ఉన్న ఇల్లు) ఉన్నవాళ్లకు మళ్లీ ఒక్క మాట: ఆ రక్షణ వీధివైపు గోడకే కాదు, లోపలి తలుపులకూ సీలింగ్ అంచు నగిషీకీ ఉంటుంది. అనుమతి లేకుండా వాటి రూపం మార్చడం నేరం. స్కాట్లాండ్‌లో ఈ అనుమతి దరఖాస్తుకు ఫీజు లేదు, డౌట్ వస్తే ముందే స్థానిక కౌన్సిల్‌ని అడగండి.

ఇక కిటికీలు. చలిగాలి తగలగానే పాతవి పీకేసి ప్లాస్టిక్ ఫ్రేములు పెట్టించాలనిపిస్తుంది. దయచేసి వద్దు. ఆ చెక్క నిదానంగా పెరిగిన చెట్లది, గట్టిది. కుళ్లినంత మేర కోసి కొత్త ముక్క అతికితే చాలు.

ఈ కిటికీ రెక్కలు పైకీ కిందికీ జరుగుతాయి. పక్కనున్న చెక్కపెట్టెలో తాడుకు వేలాడే ఇనప బరువులు రెక్కను మోస్తాయి. అందుకే మందం గ్లాసు వేస్తే బరువులూ మార్చాలి, లేకపోతే రెక్క నిలబడదు. ముందు తెగిన తాళ్లు మార్చండి, ఊడిన లప్పం మళ్లీ పెట్టండి. పాత రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా గీకకండి, తడిపి గీకండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

తర్వాత షట్టర్లు, అంటే కిటికీకి లోపలివైపు మూసే మడత చెక్క తలుపులు. చాలా ఇళ్లలో ఇవి కిటికీ పక్క పెట్టెలోనే ముడుచుకుని, రంగుపూతల కింద బిగుసుకుపోయి ఉంటాయి. గ్లాస్గో కాలెడోనియన్ యూనివర్సిటీ, పాత కట్టడాలను చూసుకునే అప్పటి ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ స్కాట్లాండ్ కోసం చేసిన పరీక్షల్లో, ఒంటి గ్లాసు నుంచి పోయే వేడిని మందపాటి కర్టెన్లు 14 శాతం, చెక్క షట్టర్లు 51 శాతం, సెకండరీ గ్లేజింగ్ (కిటికీకి లోపలివైపు పెట్టే అదనపు గ్లాసు) 63 శాతం తగ్గించాయి. చూడండి, ఇంట్లో ఉన్న వస్తువే సగం వేడిని కాపాడుతోంది! నా లెక్కలో మొదటి ఖర్చు షట్టర్ల రిపేరుకే.

కాకపోతే పగలు వెలుతురు కావాలి కదా. అందుకే సెకండరీ గ్లేజింగ్ కూడా. షట్టర్లు మూసుకునేందుకు అడ్డురాకుండా కొలత తీయించండి. లోపలి గ్లాసు చుట్టూ సందు ఉండకూడదు, బయటి పాత రెక్క మాత్రం కొంచెం గాలి ఆడనివ్వాలి. రెండూ బిగించేస్తే మధ్యలో తేమ పట్టి చెక్క పాడవుతుంది. సెకండరీ గ్లేజింగ్ వద్దనుకుంటేనే రెక్కల అంచుకు బ్రష్ స్ట్రిప్ (గాలి దూరకుండా ఆపే కుచ్చు పట్టీ) వేయించండి.

అభ్యాసం: ప్రతి కిటికీనీ తెరిచి మూసి, ఏది ఎక్కడ బిగుస్తోందో రాసుకోండి. షట్టరు పెట్టెల అంచున రంగు పగులు కనిపిస్తే ఫొటో తీయండి. వచ్చే పాఠంలో సున్నం గచ్చు గోడల పని మొదలుపెడదాం.