ఫైబర్ లింక్‌ను రెండు చివర్ల నుంచీ కొలవండి

రెండు ఫైబర్లు కలిపిన జాయింట్ దగ్గర ఓటీడీఆర్ (ఫైబర్‌లోకి వెలుతురు పంపి పరీక్షించే యంత్రం) 0.35 డీబీ లాస్, అంటే వెలుతురు తగ్గుదల, చూపించగానే క్లోజర్ (జాయింట్ ఉండే పెట్టె) విప్పి ఫైబర్ కోసేయకండి. ఒక రాత్రంతా నేను అదే పని చేశాను, ఒకే జాయింట్ మూడుసార్లు మళ్లీ వేసినా అంకె దాదాపు అదే. తెల్లారాక అవతలి చివరకు వెళ్లి కొలిస్తే అదే చోట మైనస్ 0.23 వచ్చింది. జాయింట్ మొదటి నుంచీ బాగానే ఉంది.

ఓటీడీఆర్ లాస్‌ను నేరుగా కొలవదు, ఫైబర్‌లో చెదిరి వెనక్కి వచ్చే వెలుతురును బట్టి లెక్క కడుతుంది. అక్కడ పాత కేబుల్ జీ.652 రకం, 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర మోడ్ ఫీల్డ్ (ఫైబర్‌లో వెలుతురు పరుచుకునే వెడల్పు) సుమారు 9.2 మైక్రాన్లు, దానికి కలిపింది వంపులు తట్టుకునే జీ.657 రకం, దాని మోడ్ ఫీల్డ్ 8.6. సన్నదాంట్లోంచి వెలుతురు ఎక్కువగా వెనక్కి వస్తుంది కాబట్టి పాత కేబుల్ వైపు నుంచి చూస్తే ఓటీడీఆర్ తెర మీద గీత పైకి లేచి మైనస్ చూపిస్తుంది, కొత్తదాని వైపు నుంచి చూస్తే లేని లాస్ కనిపిస్తుంది. ఈ తేడాయే ఒక్కో వైపు నుంచి 0.29 దాకా ఉంటుంది. రెండు రీడింగులూ కలిపి సగం చేస్తే అసలు లాస్ 0.06. మైనస్ గుర్తు మాత్రం వదిలేయొద్దు, లెక్కంతా దాని మీదే ఉంది.

ముందు పవర్ మీటర్‌తో లైన్‌లో సిగ్నల్ లేదని చూసుకోండి, కనెక్టర్లు తుడవండి. లింక్‌కు ఈ చివర లాంచ్ కేబుల్ (ఓటీడీఆర్‌కూ లింక్‌కూ మధ్య పెట్టే అదనపు ఫైబర్), ఆ చివర అలాంటిదే రిసీవ్ కేబుల్ తగిలించి కొలవండి. రెండోసారి కొలిచేటప్పుడు చాలామంది తప్పు చేసేది ఇక్కడే, లాంచ్ కేబుల్‌ను కూడా ఊడదీసి వెంట తీసుకెళ్తారు. కనెక్టర్ ఒకసారి ఊడదీసి పెడితే దాని లాస్ మారిపోతుంది, ఇక సగటు తీసి లాభం లేదు. రెండు కేబుళ్లూ ఎక్కడివక్కడే ఉంచి, ఓటీడీఆర్ ఒక్కటే అవతలికి తీసుకెళ్లండి. ఓటీడీఆర్‌లో పల్స్ వెడల్పు, రిఫ్రాక్టివ్ ఇండెక్స్ సెట్టింగులు మార్చకండి. 1310కి 1310తో, 1550కి 1550తోనే సగటు తీయండి.

ఏ జాయింట్ ఏదో దూరాన్ని బట్టి పోల్చుకోవాలి. 12.4 కిలోమీటర్ల లింక్‌లో ఇటు నుంచి 3.2 దగ్గర ఉన్నది అటు నుంచి 9.2 దగ్గర కనిపిస్తుంది, లాంచ్ కేబుల్ పొడవు తీసేశాక.

సగటు తీశాక కూడా 0.1 దాటితే అప్పుడు క్లోజర్ విప్పండి. 1310లో బాగుండి 1550లోనే ఎక్కువ వస్తుంటే కోసే ముందు క్లోజర్ లోపలి ట్రేలో ఫైబర్ ఎక్కడైనా గట్టిగా వంగిందేమో చూడండి, చాలాసార్లు చుట్ట కాస్త వదులు చేస్తే సరిపోతుంది.