బెంగళూరులో మీ రెజ్యూమే ఎక్కడ ఆగిపోతోంది? సమస్య - పరిష్కారం

"అప్లై చేస్తూనే ఉన్నాను, కాల్స్ మాత్రం రావడం లేదు" అన్న మాట మారతహళ్లి పీజీ హాస్టళ్లలోనూ బీటీఎం లేఅవుట్ టిఫిన్ సెంటర్లలోనూ తరచుగా తెలుగులోనే వినిపిస్తుంది. అది విన్న స్నేహితులు రెజ్యూమే మార్చమనో, ఇంకా ఎక్కువ చోట్ల అప్లై చేయమనో చెబుతారు. రెండూ తొందరపాటు సలహాలే. రెజ్యూమే మీ దగ్గర బయలుదేరి, ఇంటర్వ్యూ చేసే మేనేజర్‌కు చేరేలోగా కొన్ని మజిలీలు దాటాలి: రిక్రూటర్ వెతికినప్పుడు అది కనబడాలి, కనబడితే తెరవాలనిపించాలి, కంపెనీ సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పుల్లేకుండా చదవాలి, వేరొకరు పంపిన మీ రెజ్యూమేతోనే దానికి తగవు రాకూడదు, చివరికి వారు చేసిన ఫోన్ మీకు అందాలి. ఏ మజిలీలో ఆగిందో తెలుసుకోకుండా చేసే మార్పులు ఎక్కువగా వృథా అవుతాయి.

సమస్య: నౌక్రీలో ప్రొఫైల్ ఉంది, ఎవరూ చూసిన జాడ లేదు

ముందుగా నౌక్రీ ప్రొఫైల్‌లో సెర్చ్ అప్పియరెన్సెస్, రిక్రూటర్ యాక్షన్స్ అనే రెండు అంకెలు చూడండి. మొదటిది మీ ప్రొఫైల్ ఎన్నిసార్లు వెతుకులాట ఫలితాల్లోకి వచ్చిందో చెబుతుంది. రెండోది రిక్రూటర్లు దాన్ని చూసి ఏమైనా చేశారో లేదో చెబుతుంది. సెర్చ్‌లో కనబడిన లెక్కను లింక్డ్‌ఇన్ కూడా చూపుతుంది. మొదటి అంకే బాగా తక్కువగా ఉంటే రెజ్యూమే బాగాలేదని అర్థం కాదు, దాన్ని ఇంకా ఎవరూ చూడనేలేదని అర్థం.

కారణం రిక్రూటర్ పని చేసే తీరులో ఉంది. 1997 నుంచి నడుస్తున్న నౌక్రీలో వారికి రెజ్‌డెక్స్ అనే డేటాబేస్ ఉంటుంది. ప్రకటనకు వచ్చిపడిన అప్లికేషన్లన్నిటినీ తిరగేసే బదులు చాలామంది అందులోకి వెళ్లి, నైపుణ్యాల పేర్లు, అనుభవం, ప్రస్తుత ఊరు, జీతం, నోటీస్ పీరియడ్, ఎన్ని రోజుల్లోపు లాగిన్ అయినవారు కావాలి అన్న గడులు నింపి వెతుకుతారు. వీటిలో ఏ ఒక్క గడి దగ్గర తప్పినా మీరు ఆ జాబితాలోనే ఉండరు.

మనవాళ్ల ప్రొఫైళ్లలో ఎక్కువగా తప్పేది ఊరి గడి. గుంటూరులోనో హైదరాబాద్‌లోనో చదువుకునే రోజుల్లో తెరిచిన ప్రొఫైల్‌లో ఆ ఊరే ఉండిపోతుంది. మనిషి బెంగళూరు వచ్చి నెలలు గడిచినా ప్రొఫైల్ రాదు. మాన్యతా టెక్ పార్క్‌లో ముఖాముఖి ఇంటర్వ్యూ పెట్టుకున్న రిక్రూటర్ ప్రస్తుత ఊరు బెంగళూరు అని ఉన్నవారినే పిలుస్తారు. నౌక్రీలోనూ లింక్డ్‌ఇన్‌లోనూ ఈ గడిని ఈ రోజే సరిచేయండి. ఇంకా మన ఊళ్లోనే ఉన్నవారు మాత్రం బెంగళూరును ఇష్టపడే ఊళ్ల జాబితాలో చేర్చాలే తప్ప ప్రస్తుత ఊరిగా చూపకూడదు; "రేపు పదింటికి రాగలరా" అని అడిగితే చెప్పడానికి జవాబు ఉండదు.

రెండోది మాటల తేడా. మీరు "బ్యాకెండ్ డెవలప్‌మెంట్" అని రాసుకుంటారు. రిక్రూటర్ స్ప్రింగ్ బూట్, మైక్రోసర్వీసెస్, కాఫ్కా అని టైప్ చేస్తారు. మీకు కావలసిన ఉద్యోగాల ప్రకటనలు ఓ పది పక్కపక్కన పెట్టుకుని, వాటిలో మళ్లీ మళ్లీ వస్తున్న మాటల్లో మీకు నిజంగా వచ్చినవాటిని ఏరి, అవే మాటలను కీ స్కిల్స్‌లోనూ, ఏ ప్రాజెక్టులో వాడారో ఆ ప్రాజెక్టు వివరంలోనూ రాయండి. స్కిల్స్ జాబితాలో ఉండి ప్రాజెక్టులో ఎక్కడా లేని మాట ఇంటర్వ్యూ మొదటి ఐదు నిమిషాల్లోనే బయటపడుతుంది.

ప్రతిరోజూ పొద్దున్నే ఒక చుక్క చెరిపి, మళ్లీ పెట్టి ప్రొఫైల్ సేవ్ చేసే ఆచారం ఒకటి ప్రచారంలో ఉంది. దానికంత మహిమ ఉందని నేననుకోను. అయితే నెలల తరబడి లాగిన్ కాని ప్రొఫైల్ వడపోతలో పోతుందన్నది నిజమే కాబట్టి, వారానికి ఒకటి రెండు సార్లు లాగిన్ అవుతూ, నిజంగా జరిగిన మార్పులు ఉంటే చేర్చడం సరిపోతుంది.

ఉద్యోగంలో ఉంటూ వెతికేవారికి తమ మేనేజర్ కంట పడతామన్న భయం ఉంటుంది. నౌక్రీ సెట్టింగ్స్‌లో ప్రస్తుత కంపెనీని బ్లాక్ చేయవచ్చు. లింక్డ్‌ఇన్‌లో ఓపెన్ టు వర్క్‌ను రిక్రూటర్లకు మాత్రమే కనబడేలా పెట్టుకోవచ్చు. మీ సొంత కంపెనీ రిక్రూటర్లకు కనబడకుండా చూస్తామని లింక్డ్‌ఇన్ చెబుతుంది గానీ, పూర్తి హామీ మాత్రం ఇవ్వదు.

సమస్య: సెర్చ్‌లో వస్తోంది, కానీ ఎవరూ తెరవడం లేదు

రిక్రూటర్‌కు జాబితాలో మొదట కనబడేది మీ రెజ్యూమే కాదు. హెడ్‌లైన్, అనుభవం, జీతం, నోటీస్ పీరియడ్ ఉన్న నాలుగు వరుసలు. "సవాళ్లను స్వీకరించే కష్టజీవి" తరహా హెడ్‌లైన్ ఎవరికీ ఏమీ చెప్పదు. ఏ పని, ఏ సాంకేతికత, ఎన్నేళ్లు, ఏ రంగం అన్న నాలుగు ముక్కలు అక్కడ ఉంటే చాలు.

ఈ నగరంలో అన్నిటికంటే గట్టి అడ్డంకి నోటీస్ పీరియడ్. మూడు నెలల నోటీస్ ఉన్న కంపెనీలు చాలా ఉన్నాయి. ఖాళీ నింపవలసిన రిక్రూటర్‌కేమో మనిషి నెలలోపు కావాలి. అందుకని పదిహేను రోజులని అబద్ధం రాస్తే ఆఫర్ దశలో మాట పోతుంది. ఇప్పటికే రాజీనామా ఇచ్చి ఉంటే సర్వింగ్ నోటీస్ పీరియడ్ అన్నదాన్ని ఎంచుకుని చివరి పనిదినం తేదీ ఇవ్వండి. తేదీ దగ్గరపడే కొద్దీ కాల్స్ పెరగడం మామూలే. రాజీనామా ఇవ్వనివారు, తమ కంపెనీ బై-అవుట్‌కు, అంటే మిగిలిన నోటీస్ రోజులకు డబ్బు కట్టి ముందే బయటపడటానికి, ఒప్పుకుంటుందేమో ముందే హెచ్ఆర్ పాలసీలో చూసుకుని, ఒప్పుకుంటే ఆ సంగతి హెడ్‌లైన్‌లోనే పెట్టాలి. చేతిలో ఆఫర్ లేకుండా కేవలం కాల్స్ కోసం రాజీనామా ఇవ్వమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

సమస్య: కంపెనీ సైట్‌లో నేరుగా అప్లై చేస్తే వెంటనే తిరస్కరణ, లేదా పూర్తి నిశ్శబ్దం

కంపెనీలు అప్లికేషన్లను చూసుకోవడానికి వాడే వర్క్‌డే, గ్రీన్‌హౌస్, సక్సెస్‌ఫ్యాక్టర్స్ వంటి సాఫ్ట్‌వేర్లు (వీటినే ఏటీఎస్ అంటారు) రెజ్యూమేలోని అక్షరాలను విడదీసి పేరు, ఫోన్, చదువు, అనుభవం అనే గడుల్లో వేసుకుంటాయి. మీ ఫైల్ వాటికి ఎలా కనబడుతుందో తెలుసుకోవడానికి డబ్బు కట్టే సైట్ అవసరం లేదు. పీడీఎఫ్ తెరిచి, మొత్తం కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. ఎడమ వరుసలో స్కిల్స్, కుడి వరుసలో అనుభవం ఉన్న అందమైన టెంప్లేట్ అయితే, "జావా, జూన్ 2021 నుంచి, ఎస్‌క్యూఎల్, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, క్రికెట్ ఆడటం, బెంగళూరు" అన్న వరుసలో మీ జీవితం బయటపడవచ్చు. నైపుణ్యం పక్కన వేసిన ఐదు నక్షత్రాలు మాయమవుతాయి, లేదా అర్థం లేని చుక్కలుగా మిగులుతాయి. అసలు కాపీయే కాకపోతే మీ రెజ్యూమే అక్షరాలు కాదు, బొమ్మ.

దీనికి మందు సాదాతనమే. ఒకే నిలువు వరుస, పట్టికలు లేకుండా. ఫోన్, మెయిల్ పేజీ హెడర్‌లో కాకుండా అసలు పేజీలో. తేదీలన్నీ నెల, సంవత్సరం ఒకే పద్ధతిలో. ఫైల్ పేరులో మీ పేరు, చేసే పని. అప్‌లోడ్ చేసిన తర్వాత సాఫ్ట్‌వేర్ తనంతట తాను నింపిన గడులను చదవకుండా నెక్స్ట్ నొక్కేయడం చాలామంది అలవాటు. పాత కంపెనీ ప్రస్తుత కంపెనీగా మారిపోయేది అక్కడే.

అయితే నిమిషాల్లో వచ్చే తిరస్కరణకు రెజ్యూమే కారణం కాకపోవచ్చు. ఫారంలో అడిగే ప్రశ్నల్లో కొన్ని కోత ప్రశ్నలు: ఇన్నేళ్ల అనుభవం ఉందా, వారానికి మూడు రోజులు వైట్‌ఫీల్డ్ ఆఫీసుకు రాగలరా, నోటీస్ ఎంత. వాటికి ఇచ్చిన జవాబు సరిపోకపోతే రెజ్యూమేను మనిషి చూడకుండానే కథ ముగుస్తుంది. అందుకే "ఏటీఎస్ స్కోర్ 95 తెప్పిస్తాం" అనే ప్రకటనలపై నాకు నమ్మకం లేదు; ఆ స్కోర్ ఆ సైట్ సొంత లెక్కే గానీ మీరు అప్లై చేసిన కంపెనీది కాదు. తెల్ల కాగితంపై తెల్ల అక్షరాల్లో కీవర్డ్స్ దాచే చిట్కా జోలికి అసలు పోవద్దు: అక్షరాలు విడదీయగానే అవన్నీ రిక్రూటర్ తెరపై నల్లగా ప్రత్యక్షమవుతాయి.

సమస్య: పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంది

మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, తరచుగా పొడి అక్షరంగానే ఉంటుంది. ఫారం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అడుగుతుంది. ఒక చోట ఇంటిపేరు మొదటి గడిలో, ఇంకో చోట రెండో గడిలో, పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరంతో, పాన్ కార్డులో పూర్తిగా ఉంటే, ఒకే మనిషి ఇద్దరు ముగ్గురుగా నమోదవుతారు. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లోనూ అదే చిక్కు. పాన్, ఆధార్‌లలో ఉన్న రూపాన్ని ప్రమాణంగా తీసుకుని, అసలు పేరును ఫస్ట్ నేమ్‌లో, పూర్తి ఇంటిపేరును లాస్ట్ నేమ్‌లో, అన్ని చోట్లా ఒకేలా నింపండి. ఆ రెండు కార్డుల్లోనే తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోవాలి.

సమస్య: రిఫరల్ ఇచ్చారు, అయినా కదలిక లేదు

బెంగళూరులో మనవాళ్లు లేని ఐటీ ఆఫీసు అరుదు కాబట్టి రిఫరల్ దొరకడం కష్టం కాదు. ఇచ్చిన రిఫరల్ పనిచేయకపోవడానికి సాధారణంగా రెండు కారణాలు. మొదటిది, మీరు అప్పటికే ఆ కంపెనీ సైట్‌లో అప్లై చేసి ఉండటం. చాలా కంపెనీల్లో మీ వివరాలు ఒకసారి నమోదయ్యాక కొన్ని నెలల పాటు కొత్త రిఫరల్‌ను లెక్కలోకి తీసుకోరు. ఆ గడువు కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి తెలిసినవారున్న కంపెనీలో ముందు వారిని అడిగి, ఆ తర్వాతే అప్లై చేయాలి, తొందరపడి అప్లై చేశాక అడగకూడదు.

రెండోది, అడిగిన తీరు. "హాయ్ అన్నా, మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి" అన్న మెసేజ్ అవతలి వ్యక్తికి పని పెడుతుంది: ఓపెనింగ్ వెతకాలి, మీకు సరిపోతుందో తేల్చాలి, రెజ్యూమే అడగాలి. ఆ అన్న మంచివాడే, కానీ సాయంత్రానికి మరచిపోతాడు. దానికి బదులు ఆ కంపెనీ కెరీర్స్ పేజీ మీరే చూసి, జాబ్ ఐడీ, ఆ పనికి మీకున్న అనుభవం రెండు వాక్యాల్లో, నోటీస్ పీరియడ్, రెజ్యూమే ఒకే మెసేజ్‌లో పంపండి. రిఫర్ చేశాక మీ మెయిల్‌కు సాధారణంగా ఒక లింక్ వస్తుంది. దాన్ని తెరిచి అప్లికేషన్ పూర్తి చేయకపోతే ఆ రిఫరల్ సగంలోనే ఉండిపోతుంది. స్పామ్ ఫోల్డర్ కూడా వెతకండి.

సమస్య: కన్సల్టెన్సీ పంపింది, "డూప్లికేట్ ప్రొఫైల్" అన్నారు

ఒకే ఖాళీని పెద్ద కంపెనీ (కన్సల్టెన్సీల మాటలో క్లయింట్) నాలుగైదు వెండర్లకు, అంటే కన్సల్టెన్సీలకు, ఇస్తుంది. క్లయింట్ పేరు చెప్పకుండా ఇద్దరు రిక్రూటర్లు ఫోన్ చేస్తారు, మీరు ఇద్దరికీ సరే అంటారు, ఒకే రెజ్యూమే రెండు దారుల్లో చేరుతుంది. మిమ్మల్ని తెచ్చినది ఎవరన్న కమిషన్ తగవు పెట్టుకోవడం ఇష్టం లేక క్లయింట్ మిమ్మల్నే పక్కన పెట్టవచ్చు. క్లయింట్ పేరు, జాబ్ వివరం మెయిల్‌లో వచ్చేదాకా రెజ్యూమే పంపడానికి ఒప్పుకోకండి. ఎవరికి, ఏ తేదీన, ఏ క్లయింట్ కోసం అంగీకారం ఇచ్చారో ఒక షీట్‌లో రాసుకోండి.

రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, ఆఫర్ లెటర్‌కు ముందు చెల్లింపు అడిగేవారు రిక్రూటర్లు కారు. నిజమైన కన్సల్టెన్సీకి డబ్బు ఇచ్చేది కంపెనీ. ఇక "రెండేళ్ల అనుభవం పెట్టిస్తాం" అనేవారి మాటకు తలూపితే మరింత నష్టం. పీఎఫ్ ఖాతాకు ఉండే 12 అంకెల యూఏఎన్ కింద, మీరు ఏ కంపెనీలో ఎప్పుడు చేరి ఎప్పుడు మానేశారో సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. వెరిఫికేషన్ సంస్థలు దాన్నే అడుగుతాయి. అక్కడ తేలిన అబద్ధం చేరిన తర్వాత కూడా ఉద్యోగం తీసేస్తుంది.

సమస్య: ఫ్రెషర్‌ను, ఎక్కడా అవకాశమే కనబడటం లేదు

అనుభవజ్ఞుల కోసం పెట్టిన ప్రకటనలకు అప్లై చేయడమే ఇక్కడ పెద్ద కారణం. ఫ్రెషర్లను పెద్ద కంపెనీలు వేరే ద్వారం నుంచి తీసుకుంటాయి. ఉదాహరణకు టీసీఎస్‌కు నెక్స్ట్‌స్టెప్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యి రిఫరెన్స్ నంబర్ తీసుకోవాలి. పాసైన సంవత్సరం, పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కుల శాతం, బ్యాక్‌లాగ్‌లు ముందే చూసుకుని, అర్హత ఉన్నవాటిపైనే సమయం పెట్టండి.

సమస్య: "మేం ఫోన్ చేశాం, మీరు ఎత్తలేదు" అంటున్నారు

రెజ్యూమేలో పాత నంబర్ ఉందేమో, నౌక్రీలో, లింక్డ్‌ఇన్‌లో, రెజ్యూమేలో మూడు చోట్లా ఒకే నంబర్ ఉందో లేదో చూడండి. తెలియని నంబర్లను సైలెంట్ చేసే సెట్టింగ్ ఉద్యోగ వేటలో ఉన్నంత కాలం తీసేయండి. ఆఫీసులో ఉండి మాట్లాడలేకపోతే తిరిగి చేయండి. వారు ఎత్తకపోతే మీ పేరు, ఏ ఉద్యోగం, మీరు మాట్లాడగలిగే సమయం ఒకే మెసేజ్‌లో పంపండి. "మీ నుంచి మిస్డ్ కాల్ వచ్చింది" అని మాత్రమే పంపితే, పొద్దుటి నుంచి వరసగా నంబర్లు తిప్పుతున్న రిక్రూటర్‌కు మీరెవరో గుర్తుండదు.