జూలో జంతువుని దత్తత తీస్కోవాలంటే ఏం చెయ్యాలి: దరఖాస్తు నుంచి రెన్యువల్ దాకా

మా పాపని తొమ్మిదో పుట్టినరోజుకి ఏం కావాలమ్మా అని అడిగితే పులి కావాలంది. బొమ్మ పులి కాదు, జూలో ఉండే పులి. జూలో జంతువుల్ని దత్తత తీస్కోవచ్చని స్కూల్లో ఎవరో చెప్పారంట. అప్పట్నుంచి నేను దీని మీద ఆఫీసు చుట్టూ తిరగడం, అడగడం, రాసిన కాగితం మళ్ళీ రాయడం అన్నీ అయ్యాయి, ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరికి కావాల్సినా నాకే ఫోన్ చేస్తున్నారు. అందుకని తెలిసిందంతా ఒక్కచోట రాసేస్తున్నా.

ముందు ఒక్క విషయం క్లియర్‌గా చెప్పాలి. దత్తత అంటే జంతువు మనదైపోదు, ఇంటికి రాదు, జూలో దాని బోను మారదు, చూసుకునే మనిషి మారడు. దానికయ్యే తిండి ఖర్చు, సంరక్షణ ఖర్చు కొంతకాలం మనం భరిస్తాం, అంతే. మా పక్కింటావిడ అయితే మరి చిలకని దత్తత తీస్కుంటే పంజరంలో ఇస్తారా అని అడిగింది. ఇవ్వరు. అసలు మన రామచిలకనైనా నక్షత్ర తాబేలునైనా ఇంట్లో పెంచడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఈ సంగతి చాలామందికి తెలీదు, అదృష్టం కలిసొస్తుందని తాబేలుని తెచ్చి టబ్బులో పడేస్తారు పాపం.

ఇంకోటి, దత్తత తీస్కున్నాం కదా అని చేత్తో అరటిపండు పెట్టడం కుదరదు. జూలో జంతువుకి సందర్శకులు తిండి పెట్టడం, ఏడిపించడం, అరిచి గోల చెయ్యడం అదే చట్టంలో 38జె సెక్షన్ కింద నిషేధం, డబ్బు కట్టినవాళ్ళకి మినహాయింపేం లేదు. ఇది పిల్లలకి ఇంట్లోనే చెప్పి తీస్కెళ్ళండి, అక్కడికెళ్ళాక చెప్తే ఏడుస్తారు.

ఇంక ఏ జూ అన్నది. తెలంగాణలో అయితే హైదరాబాద్ బహదూర్‌పురాలో నెహ్రూ జూ పార్క్, 1963లో జనానికి తెరిచారు, మీరాలం చెరువు పక్కన 380 ఎకరాలు. హన్మకొండలో హంటర్ రోడ్డు మీద కాకతీయ జూ ఉంది, చిన్నది. ఆంధ్రలో విశాఖపట్నం ఇందిరాగాంధీ జూ, 1977 నుంచి ఉంది, కంబాలకొండ అడవిని ఆనుకుని. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర జూ, 1987లో మొదలైంది, విస్తీర్ణంలో దేశంలోనే పెద్దవాటిల్లో ఒకటి. ఇవన్నీ అటవీ శాఖ చేతిలో నడిచేవే. మీకు దగ్గర్లో ఉన్నది ఎంచుకోమనే నా సలహా, ఎందుకంటే దత్తత తీస్కుని ఏడాదంతా ఒక్కసారి కూడా వెళ్ళి చూడకపోతే పిల్లలకి దానిమీద మనసు నిలవదు.

తర్వాత రేట్ల లిస్టు. ప్రతి జూ జంతువు వారీగా, కాలం వారీగా ఒక లిస్టు పెట్టుకుంటుంది, ఏడాదికి ఇంత, తక్కువ కాలానికైతే ఇంత అని. ఏనుగు, పులి, సింహం లాంటివి లక్షల్లో ఉంటాయి, పక్షులు, చిన్న జంతువులు మామూలు ఉద్యోగస్తులకి అందేలా ఉంటాయి. ఒక లెక్క చెప్తా, 2020లో ఉపాసన కొణిదెల హైదరాబాద్ జూలో రాణి అనే ఏనుగుని ఏడాదికి దత్తత తీస్కున్నప్పుడు ఇచ్చిన చెక్కు 5 లక్షలు. రోజుకి వంద కిలోల పైన మేత మేసే జంతువు మరి. కానీ ఈ రేట్లు మారుతూ ఉంటాయి, నేను చేసిన తప్పు ఇక్కడే, ఎప్పటిదో పాత పేపర్ వార్తలో ఉన్న రేటు చూసి చెక్కు రాసుకుని వెళ్ళా, అది సరిపోలేదు, ఇంకో సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాల్సొచ్చింది. కాబట్టి చెక్కు రాసేముందు ఆఫీసుకి ఫోన్ చేసి ఈ సంవత్సరం లిస్టు అడగండి, చెక్కు ఎవరి పేరు మీద రాయాలో కూడా అప్పుడే అడిగి అక్షరం పొల్లు పోకుండా రాస్కోండి. జూలకి వారంలో ఒకరోజు సెలవుంటుంది, హైదరాబాద్, విశాఖల్లో అది సోమవారం, ఆరోజు గేటు దాకా వెళ్ళి తిరిగిరాకండి.

ఏ జంతువుని ఎంచుకోవాలి అన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తా. అందరూ వచ్చి పులి అంటారు, సింహం అంటారు, తెల్లపులి అంటారు. తప్పేం లేదు, వాటికీ ఖర్చు ఉంది, 2021 మే నెలలో హైదరాబాద్ జూలో ఎనిమిది సింహాలకి కరోనా వచ్చింది గుర్తుందా, అప్పుడు వాటి వైద్యం, టెస్టులు ఎంత పనో ఊహించుకోండి. కానీ పెద్ద కంపెనీలు, బ్యాంకులు, సినిమావాళ్ళు ఎలాగూ వాటికే ముందుకొస్తారు. మనలాంటివాళ్ళం వెళ్ళేది రెండువేలు, ఐదువేలు, పదివేలు పట్టుకుని కదా, ఆ డబ్బు ఎవరూ అడగని జీవికి వెళ్తే బాగుంటుందని నా కోరిక.

ఉదాహరణకి మూషిక జింక. మూడు కిలోలు కూడా ఉండదేమో, మోకాలి ఎత్తు కూడా రాదు, కొమ్ములుండవు, ఒంటిమీద తెల్ల చుక్కలు, చారలు, కాళ్ళు పెన్సిళ్ళలా ఉంటాయి, రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి ఎవరి కంటా పడదు. నెహ్రూ జూ, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకి అత్తాపూర్‌లో ఉన్న, అంతరించిపోతున్న జంతువుల కోసం పనిచేసే లాకోన్స్ ల్యాబ్ కలిసి 2010లో ఆరంటే ఆరు మూషిక జింకలతో పెంపకం మొదలుపెట్టారు, ఏడెనిమిదేళ్ళలో అవి రెండొందలు దాటాయి, 2017 నుంచి వాటిలో కొన్నిటిని నల్లమలలో, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వదుల్తూ వచ్చారు. జూ అంటే బోనులో పెట్టి చూపించడమే అనుకునేవాళ్ళకి నేను ఎప్పుడూ ఇదే చెప్తా, అడవికి తిరిగి పంపిన జంతువులు మన ఊళ్ళోనే పుట్టాయి.

రాబందులు కూడా అంతే. మా నాన్న చిన్నప్పుడు ఊరి చివర గొడ్డు చచ్చిపోతే సాయంత్రానికి ఆకాశంలో గుంపు కట్టేవంట, నేను మాత్రం ఊళ్ళో ఒక్కటి కూడా చూళ్ళేదు. పశువులకి వేసే డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు, ఆ మందు పడిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు పాడైపోయి లక్షల్లో పోయాయి, 2006లో పశువులకి ఆ మందు వాడకూడదని నిషేధించారు గానీ అప్పటికే దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అందం లేదని ఎవరూ ఫోటో దిగరు వాటితో. లిస్టులో రాబందు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి ప్లీజ్.

మా పాపకి ఇదంతా చెప్పి లిస్టు చేతిలో పెడితే పులి మీద నుంచి వేలు కిందకి కిందకి జరుపుకుంటూ వచ్చి నక్షత్ర తాబేలు దగ్గర ఆగింది. సరే అన్నా.

దరఖాస్తు దగ్గరికొద్దాం. కొన్నిచోట్ల ఆఫీసులోనే ఫారం ఇస్తారు, లేదంటే తెల్లకాగితం మీద లెటర్ సరిపోతుంది. అందులో ఉండాల్సినవి మీ పేరు, అడ్రస్, ఫోన్, మెయిల్, పాన్ నంబర్, ఏ జంతువు, ఎంతకాలం, ఏ తేదీ నుంచి, ఎంత డబ్బు, ఎలా కడుతున్నారు, ఇంకా సర్టిఫికెట్ మీద, జంతువు దగ్గర పెట్టే బోర్డు మీద ఎవరి పేరు రావాలి. లెటర్ ఇలా రాస్తే చాలు:

"క్యూరేటర్ గారికి నమస్కారం. మీ జూ పార్కులో జంతువుల దత్తత పథకం కింద ఒక నక్షత్ర తాబేలుని ఫలానా తేదీ నుంచి ఒక సంవత్సరం పాటు మా అమ్మాయి పేరు మీద దత్తత తీసుకోదలచాను. ఇందుకు మీరు నిర్ణయించిన మొత్తానికి చెక్కు జతపరిచాను. సర్టిఫికెట్, బోర్డు మీద కింద రాసిన విధంగా పేరు వేయగలరని మనవి."

ఆ కింద పేరు మాత్రం చేత్తో గొలుసుకట్టుగా రాయకండి. నేను హడావుడిలో అలాగే రాసిచ్చా, సర్టిఫికెట్ మీద మా పాప పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది, దాన్ని సరిచేయించుకునేసరికి మూడు వారాలు పట్టింది, పుట్టినరోజుకి చేతికి రాలేదు, పాప ఏమీ అనలేదు గానీ నాకే మనసు చివుక్కుమంది. తెలుగులో, ఇంగ్లీషులో రెండిట్లో టైప్ చేసి ప్రింట్ తీస్కెళ్ళండి. పుట్టినరోజో పెళ్ళిరోజో తేదీ ఉంటే కనీసం నెల ముందు మొదలుపెట్టండి. పోయిన పెద్దవాళ్ళ జ్ఞాపకంగా ఇచ్చేవాళ్ళు కూడా ఉంటారు, అలాంటప్పుడు బోర్డు మీద ఏం రాయించుకోవాలనుకుంటున్నారో ఒక్క లైన్‌లో కుదించి ఇవ్వండి, దానికి పట్టే చోటు చిన్నది.

డబ్బు నగదుగా కట్టొద్దనే చెప్తా. ఒక కారణం లెక్క కోసం, రెండోది ట్యాక్స్ కోసం. 1961 ఆదాయపు పన్ను చట్టంలో విరాళాలకి పన్ను తగ్గించే 80జి సెక్షన్ కింద మినహాయింపు కావాలంటే రెండువేలు దాటిన నగదు విరాళం చెల్లదు, చెక్కో డీడీయో ఆన్‌లైనో ఉండాలి. జూకి 80జి రిజిస్ట్రేషన్ ఉందా, సగం మినహాయింపా పూర్తిదా అని కట్టేముందే అడగండి, ఉంటే మీ పాన్ తప్పకుండా రాయించుకోండి, ఆర్థిక సంవత్సరం అయ్యాక మే నెలాఖరులోపు ఫారం 10బిఇ అని ఒక సర్టిఫికెట్ వస్తుంది, రిటర్న్‌లో చూపించాల్సింది అదే, ఉత్త రసీదు చాలదు. మీరు కొత్త ట్యాక్స్ విధానంలో ఉంటే మాత్రం 80జి పనిచెయ్యదు, దానికోసం ఆశ పెట్టుకోకండి. ఆఫీసు తరఫున చేసేవాళ్ళయితే కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో జంతు సంక్షేమం, వన్యప్రాణి రక్షణ ఉన్నాయి కాబట్టి సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు కింద చూపించొచ్చు, మీ ఫైనాన్స్ వాళ్ళని కలుపుకోండి. అమెరికాలో ఉన్న మా తమ్ముడు కూడా అడిగాడు, వాడిది ఇండియన్ పాస్‌పోర్టే కాబట్టి తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు, కానీ అక్కడి పౌరసత్వం తీస్కుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్ళ డబ్బుకి రూల్స్ వేరు, వాళ్ళు పంపేముందే జూ ఆఫీసుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి.

ఇంకో జాగ్రత్త. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకసారి పులిపిల్ల ఫోటో, దానికింద క్యూఆర్ కోడ్, వంద రూపాయలతో దత్తత తీస్కోండి అని వచ్చింది. అందులో జూ పేరు లేదు, ఆఫీసు అడ్రస్ లేదు, పులిపిల్ల మాత్రం ఉంది. ముగ్గురు కట్టేశారు కూడా. ఎప్పుడైనా సరే జూ సొంత వెబ్‌సైట్ నుంచి గానీ గేటు లోపల ఆఫీసు నుంచి గానీ తీస్కున్న అకౌంట్ వివరాలకే పంపండి, కట్టినవెంటనే నంబరున్న రసీదు అడగండి.

కట్టాక ఏం వస్తుంది అంటే రసీదు, దత్తత సర్టిఫికెట్, జంతువు ఎన్‌క్లోజర్ దగ్గర మీ పేరుతో బోర్డు. మిగతావి, అంటే ఉచిత ఎంట్రీ పాసులు లాంటివి, జూని బట్టి, కట్టిన మొత్తాన్ని బట్టి ఉంటాయి, లిస్టులోనే రాసుంటుంది, చదువుకోండి. బోర్డు ఏరోజు పెడతారో కనుక్కుని ఆరోజే వెళ్ళండి.

అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఇంకొకటుంది, మధ్యలో జంతువు చనిపోతే ఎలా అని. అడగండి, తప్పు కాదు. జూ జంతువుల్లో ముసలివి చాలా ఉంటాయి, ఆ రాణి ఏనుగే 2021 జూన్‌లో 83 ఏళ్ళ వయసులో పోయింది. మిగిలిన కాలానికి అదే జాతిలో ఇంకోదాని మీదకి మారుస్తారా ఏంటి అన్నది లెటర్ ఇచ్చేరోజే మాట్లాడుకుంటే మంచిది, పిల్లలకి కూడా ముందే కాస్త చెప్పి ఉంచొచ్చు.

మేం వెళ్ళిన రోజు ఏప్రిల్ ఎండ. ఎన్‌క్లోజర్ల మీద తడిపిన తడకలు కప్పారు, స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి, తాబేళ్ళన్నీ నీడలో ఒక మూలకి చేరి ఉన్నాయి. కీపర్ ఒకాయన తట్టలో సన్నగా తరిగిన ఆకుకూర, కీరదోసకాయ ముక్కలు తెచ్చి పరిచాడు. ఒక తాబేలు మెడ చాపి, ఒక్క ముక్క పట్టుకుని, అది జారిపోతే మళ్ళీ పట్టుకుని, అలా రెండు నిమిషాలు నమిలింది. మా పాప కడ్డీ పట్టుకుని కదలకుండా చూస్తా ఉంది, అంకుల్ రోజూ ఇంతే తింటుందా అని అడిగింది. వానాకాలంలో ఇంకా బాగా తింటదమ్మా, అప్పుడు రా అన్నాడాయన.

రెన్యువల్‌కి మళ్ళీ అదే పద్ధతి, గడువు అయిపోయే ముందు పాత సర్టిఫికెట్ జిరాక్స్, కొత్త లెటర్, కొత్త రేటు ప్రకారం చెక్కు. గుర్తుచేస్తారులే అని కూర్చోకుండా ఫోన్‌లో నెల ముందుకి రిమైండర్ పెట్టుకోండి. నేను మార్చి ఒకటికి పెట్టుకున్నా, కింద పేరు ఈసారి టైప్ చేసే ఉంచా.