రక్త నమూనా మిషన్‌కు చేరేలోపే తప్పును పట్టుకోవడం

నెల్లూరు జిల్లాలో పెంచలకోన స్వామి పేరు పెట్టుకున్నవారు ఎంత ఎక్కువంటే, ఒకే వార్డులో ఇద్దరు పెంచలయ్యలు ఉండటం మాకు కొత్త కాదు. అందుకే ల్యాబు పనిని సరిదిద్దాలంటే మిషన్ దగ్గర కాక రోగి మంచం దగ్గర మొదలుపెట్టాలి. "మీరు పెంచలయ్యేనా?" అని అడిగితే జ్వరంతో మగతగా ఉన్న మనిషి దేనికైనా తల ఊపుతాడు, పేరును ఆయన చేతనే చెప్పించి, ఐపీ నంబరుతో (ఆసుపత్రిలో చేరినప్పుడు రోగికిచ్చే నంబరు) సరిచూసి, రక్తం తీసిన వెంటనే అక్కడే లేబుల్ అంటించాలి. ఖాళీ ట్యూబులకు ముందే లేబుళ్లు అంటించుకొని వెళ్లే అలవాటును గట్టిగా మాన్పించాలి.

రక్తం నింపే ట్యూబుల వరుస కూడా ముఖ్యమే: ముందు నీలం మూత, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, ఊదా, చివరగా బూడిద రంగు. నేను గతంలో పనిచేసిన ఒక ఆసుపత్రిలో, ఎర్ర మూత ట్యూబులో రక్తం చాలలేదని ఊదా మూత ట్యూబులోది కొంత అందులో పోశారు. పొటాషియం ప్రాణాపాయ స్థాయిలో ఎక్కువగా, కాల్షియం నమ్మలేనంత తక్కువగా వచ్చాయి. ఊదా ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే రసాయనం పొటాషియం లవణం కావడం, అది కాల్షియంను బంధించివేయడం ఇందుకు కారణం. ఈ రెండూ జంటగా కనిపిస్తే రిపోర్టు ఆపి, కొత్త నమూనా అడగండి.

ఎర్ర ట్యూబును 30 నిమిషాలు గడ్డకట్టనిచ్చి, 2 గంటలలోపు సీరం (గడ్డకట్టగా మిగిలిన ద్రవం) వేరుచేయాలి. వేరుచేయని రక్తంలో గ్లూకోజు గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. రోహిణి కార్తె ఎండల్లో పొదిలి, కనిగిరి వైపు నుంచి ఒంగోలుకు పంపే నమూనాల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. అలాగని వేరుచేయకుండానే ఫ్రిజ్‌లో పెడితే కణాల్లోని పొటాషియం బయటికి వచ్చేస్తుంది. వీలున్నచోట అక్కడే సీరం వేరుచేసి, చల్లటి పెట్టెలో పంపడమే మేలు.

ఉదయం కంట్రోల్ (విలువ ముందే తెలిసిన నమూనా) సరిగా వచ్చిందని చూసుకోకుండా రోగుల నమూనాలు పెట్టకూడదు. ఫలితం వచ్చాక హిమోగ్లోబిన్‌ను మూడుతో గుణిస్తే పీసీవీకి (రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతం) దగ్గరగా ఉందో లేదో, నిన్నటి విలువకు నేటి విలువకు పొంతన కుదురుతోందో లేదో చూడండి. ఎర్రకణాలు చిన్నవైన రోగుల్లో మాత్రం ఆ గుణకారం సరిపోదు. ప్రమాదకర విలువను ఫోనులో చెప్పినప్పుడు సిస్టర్ చేత తిరిగి చదివించుకొని, సమయంతో సహా రిజిస్టరులో రాయాలి. తిప్పిపంపిన నమూనాలకూ వేరొక రిజిస్టరు పెట్టి, కారణం, వార్డు రాసి, నెలకొకసారి ఆ వార్డు సిస్టర్లతో కూర్చొని చూడాలి.