విద్యుత్ కారుకు రీకాల్, సర్వీస్ బులెటిన్: ఉచిత మరమ్మతు పొందే విధానం

కారులో లోపం ఉంది, చేతిలో బులెటిన్ ప్రతి కూడా ఉంది. అయినా సర్వీస్ సెంటర్ నుంచి "మీ కారుకు ఇది వర్తించదు" అన్న మాటతో వెనక్కి వస్తున్న యజమానులు చాలామంది కనిపిస్తున్నారు. ఇదే అదనుగా "రీకాల్ నమోదు చేయిస్తాం, రుసుము కట్టండి" అనే దళారులు బయలుదేరారు. రీకాల్‌కు నమోదు రుసుము అనేదే లేదు. ఎవరికీ ఒక్క పైసా ఇవ్వకండి. పని ఎక్కడ ఆగిపోతోందో తెలిస్తే దళారి అవసరమే రాదు.

ముందుగా మీ చేతిలో ఉన్న కాగితం ఏ రకమో చూడండి. వాహనంలో భద్రతకు ముప్పు తెచ్చే లోపం బయటపడినప్పుడు తయారీ సంస్థ ప్రభుత్వ నియంత్రణ సంస్థకు తెలిపి చేపట్టేది రీకాల్. ఈ మరమ్మతు ఉచితం. వారంటీ ముగిసిందన్న కారణంతో దీన్ని నిరాకరించకూడదు. అయితే కారు వయసుకు కొన్ని దేశాల్లో పరిమితి ఉంది. అమెరికాలో అది 15 సంవత్సరాలు. సర్వీస్ బులెటిన్ వేరు. ఫలానా లక్షణం కనిపిస్తే ఫలానా విధంగా బాగుచేయండి అని తయారీ సంస్థ తన మెకానిక్‌లకు ఇచ్చే సాంకేతిక సూచన అది. వారంటీలో ఉన్న కారుకు సాధారణంగా ఆ పని ఉచితంగానే జరుగుతుంది. వారంటీ దాటితే ఖర్చు యజమానిదే. ఈ రెండింటికీ మధ్య సర్వీస్ క్యాంపెయిన్ అనేది మరొకటి ఉంటుంది. అందులో పని ఉచితమే కానీ చాలావాటికి గడువు ఉంటుంది, కాబట్టి ఉత్తరం రాగానే ఆఖరి తేదీ చూసుకోండి.

తర్వాతి పని విన్ నంబరుతో వెతకడం. ముందు అద్దం కింది అంచున, రిజిస్ట్రేషన్ పత్రంలో కనిపించే 17 అక్షరాల, అంకెల వరుస అది. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు ఎప్పుడూ ఉండవు. ఓ లాగా కనిపించేది సున్నా అంకె, ఐ లాగా కనిపించేది ఒకటి అంకె. ఈ పొరపాటు వల్లే "వివరాలు లేవు" అని వస్తే, తమ కారుకు రీకాల్ లేదని కొందరు నిశ్చింతగా ఉండిపోతున్నారు. అమెరికాలో జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో విన్‌తో చూడవచ్చు. అక్కడ సర్వీస్ బులెటిన్ల ప్రతులు కూడా దొరుకుతాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తే చాలు. దేశం ఏదైనా తయారీ సంస్థ వెబ్‌సైటులో కూడా ఒకసారి సరిచూడండి. ఒకే మోడల్, ఒకే సంవత్సరం కార్లలో ఒకటి జాబితాలో ఉండి మరొకటి లేకపోవడం మామూలే. లోపం తరచుగా ఒక తయారీ కాలానికో, బ్యాటరీ సెల్స్ ఫలానా బ్యాచ్‌కో పరిమితమై ఉంటుంది.

రీకాల్ ఉందని తేలినా "పరిష్కారం ఇంకా సిద్ధం కాలేదు" అని కనిపించవచ్చు. అది తిరస్కరణ కాదు. ముందు హెచ్చరిక ఉత్తరం, తర్వాత మరమ్మతు ఉత్తరం రావడం పద్ధతిలో భాగమే. ఈ రెండు ఉత్తరాల మధ్య కాలానికి ఇచ్చే సూచనలను మాత్రం తేలికగా తీసుకోవద్దు. 2021లో షెవ్రొలె బోల్ట్ కార్లన్నింటినీ రీకాల్ చేసినప్పుడు, చిరిగిన యానోడ్ ట్యాబ్ (రుణ ధ్రువానికి ఉండే పలుచని లోహపు పట్టీ), మడతపడిన సెపరేటర్ (రెండు ధ్రువాలను వేరుచేసే పొర) రెండూ ఒకే బ్యాటరీ సెల్‌లో ఉంటే మంటలు రావచ్చని తేలింది. కొత్త బ్యాటరీ మాడ్యూళ్లు (సెల్స్ అమర్చిన పెట్టెలు) వచ్చేవరకు 90 శాతానికి మించి చార్జింగ్ చేయవద్దని, చార్జింగ్ అయ్యాక కారును ఆరుబయట నిలపాలని యజమానులకు చెప్పారు. మీకు అలాంటి ఉత్తరం వస్తే ఆ రోజు నుంచే పాటించండి.

ఇక అసలు చిక్కు జాబ్ కార్డు, అంటే సర్వీస్ సెంటర్‌లో మీ ఫిర్యాదు రాసుకునే కాగితం, దగ్గర. ఎక్కువమంది వెనుదిరిగేది ఇక్కడే.

బులెటిన్‌లో నంబరు, తేదీ, వర్తించే మోడళ్లు, తయారీ కాలం, లక్షణం, ఫాల్ట్ కోడ్ (లోపాన్ని గుర్తించి కారు కంప్యూటర్ నమోదు చేసే సంకేతం), చేయవలసిన పని వరుసగా ఉంటాయి. లక్షణమో కోడో మీ కారులో కనిపించినట్టు రికార్డు కాకపోతే, ఆ పనికి తయారీ సంస్థ నుంచి సర్వీస్ సెంటర్‌కు డబ్బు రాదు. అందుకే వారు వెనకాడతారు. "బులెటిన్ ప్రకారం చేయండి" అని జాబ్ కార్డులో రాయిస్తే ఏ ఉపయోగమూ లేదు. "కారు చూడండి" అని రాయిస్తే ఇంకా నష్టం. జరిగింది జరిగినట్టు రాయించాలి: "ఫాస్ట్ చార్జర్ దగ్గర బ్యాటరీ 40 శాతం ఉండగా చార్జింగ్ ఆగిపోయింది, తెరపై ఫలానా హెచ్చరిక వచ్చింది, చలి ఎక్కువగా ఉంది, వారంలో మూడుసార్లు జరిగింది." హెచ్చరిక ఫొటో, తేదీ, ఓడోమీటర్ అంకె జతచేయండి. బులెటిన్ నంబరును చివర ఒక వాక్యంగా ప్రస్తావిస్తే చాలు. ఫిర్యాదు రాసుకునే సర్వీస్ సెంటర్ సలహాదారు తన మాటల్లో కుదించి రాస్తే మర్యాదగానే సరిచేయమనండి, సంతకం ఆ తర్వాతే. అడగడానికి మొహమాటపడనవసరం లేదు. ఆ కాగితం మీ పేరు మీద ఉండేది.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లేముందు బయట ఎవరి చేతా స్కానర్‌తో కోడ్‌లు చెరిపించవద్దు. హెచ్చరిక దీపం ఆరిపోతుంది, దానితో పాటు మీ సాక్ష్యమూ పోతుంది. దీపం ఆర్పి డబ్బు తీసుకుని "ఇక రీకాల్ అక్కర్లేదు" అని పంపేసేవారు ఉన్నారు, జాగ్రత్త.

లోపం కనిపించలేదని చెబితే ఆ మాటనే బిల్లు మీద రాయించుకోండి. రెండోసారి వెళ్లినప్పుడు అది మొదటి ఫిర్యాదుకు రుజువు అవుతుంది, వారంటీ ఆ మధ్యలో ముగిసినా వాదించడానికి ఆధారం ఉంటుంది. మరమ్మతు జరిగితే బిల్లులో రీకాల్ నంబరు, సాఫ్ట్‌వేర్ పాత, కొత్త వెర్షన్లు, మార్చిన భాగం సీరియల్ నంబరు, మొత్తం సున్నా అని ఉండాలి. ఉత్తరం రాకముందే సొంత డబ్బుతో అదే పని చేయించుకున్నవారు పాత రసీదు పారేయవద్దు. తిరిగి చెల్లించే విధానం ఉంటే రీకాల్ ఉత్తరంలోనే రాసి ఉంటుంది, దానికీ గడువు ఉంటుంది.

భాగం మార్చకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే ఎక్కించి పంపితే మోసపోయామనుకోకండి. కొన్ని రీకాల్స్‌లో పరిష్కారమే అది. 2024 మార్చిలో హ్యుందాయ్ అయోనిక్ 5, 6, జెనెసిస్ కార్ల రీకాల్‌లో 12 వోల్టుల బ్యాటరీని చార్జ్ చేసే ఐసీసీయూ అనే యూనిట్‌ను పరీక్షించి, సాఫ్ట్‌వేర్ మార్చి, దెబ్బతిన్నట్టు తేలితేనే కొత్తది వేయాలన్నారు. అమెరికాలో సుమారు 99 వేల కార్లు అందులో ఉన్నాయి. అదే ఏడాది నవంబరులో సుమారు 1,45,000 కార్లతో మళ్లీ రీకాల్ వచ్చింది. ముందు మరమ్మతు పూర్తయిన కార్లూ అందులో ఉన్నాయి. కాబట్టి ఒకసారి అయిపోయిందని విన్ వెతకడం మానవద్దు. ఇంటి దగ్గరే నెట్ ద్వారా సాఫ్ట్‌వేర్ ఎక్కిన కార్లకు కూడా ఇది వర్తిస్తుంది. అప్‌డేట్ పూర్తయ్యాక రీకాల్ జాబితాలో నుంచి మీ కారు తొలగిందో లేదో చూడండి.

పాత కారు కొంటున్నవారు విన్‌తో పాటు బ్యాటరీ ఎప్పుడైనా మార్చారా అని కూడా అడగాలి. మరో కారు నుంచి తెచ్చిన బ్యాటరీ అయితే దాని లోపం మీ విన్ కింద కనిపించకపోవచ్చు. యాజమాన్యం మారాక తయారీ సంస్థ దగ్గర మీ చిరునామా నమోదు చేయించుకోండి. లేకపోతే ఉత్తరాలు పాత యజమానికే వెళ్తాయి. ఫోను చేసి రీకాల్ పేరుతో ఓటీపీ, కార్డు వివరాలు అడిగితే వెంటనే ఫోను పెట్టేయండి. సర్వీస్ సెంటర్‌కు కావలసింది మీ విన్, కారు మాత్రమే.

ఇన్ని చేసినా నిరాకరిస్తే తయారీ సంస్థ వినియోగదారుల విభాగానికి, ఆపై నియంత్రణ సంస్థకు రాయండి. జాబ్ కార్డులు, హెచ్చరిక ఫొటోలు, విన్ జతచేస్తే చాలు. పైన చెప్పిన ఐసీసీయూ వ్యవహారంలో అమెరికా నియంత్రణ సంస్థ 2023 జూన్‌లో దర్యాప్తు మొదలుపెట్టింది. అప్పటికి దాని దగ్గరున్నవి 30 ఫిర్యాదులు.