అక్కకు సోరియాసిస్ వచ్చాక నేను మార్చుకున్నవి

మా అక్కకు అరవై రెండో ఏట మోచేతుల మీద తెల్లని పొలుసులు లేచాయి. గజ్జి అనుకుని వేపాకు నూరి రాసింది. చుట్టుపక్కల వాళ్లు ఆమెకు వేరే గ్లాసు పెట్టారు. అది సోరియాసిస్ అనే చర్మవ్యాధి అని, అంటుకోదని చర్మవైద్యుడు చెప్పేసరికి ఏడాది గడిచింది. తోబుట్టువుకు ఉంటే మనకూ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే నా అలవాట్ల సంగతి చూసుకున్నాను.

ముందు చుట్ట. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. నేనూ తాగేదాన్ని. అమెరికా నర్సులతో 1989లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం గురించి మా అమ్మాయి చదివి చెప్పింది. పొగ తాగే స్త్రీలకు ఈ ముప్పు ఎక్కువట. మానేస్తే తగ్గుతుంది కానీ, తాగనివారితో దాదాపు సమానం కావడానికి 20 ఏళ్లు పడుతుందట. అరవైలో ఇరవై ఏళ్ల లెక్కేమిటని నవ్వకండి, మా అత్తగారు తొంభై దాటారు.

ఒక్కసారిగా మానలేకపోయాను. ఇంట్లో చుట్టలు ఉంచడం మానేసి, కావాలంటే కొట్టుదాకా నడిచి ఒక్కటే తెచ్చుకునేదాన్ని. ఎండకు బద్ధకించి ఆరు కాస్తా రెండయ్యాయి. భోజనం తర్వాతి చుట్ట మాత్రం మొండిది. లవంగం నములుతూ నాలుగు నెలలకు వదిలించుకున్నాను.

తర్వాత నడుము. ఒంట్లో చేరిన కొవ్వు, ఈ జబ్బుకు మూలమైన లోపలి వాపును పెంచే పదార్థాలను విడుదల చేస్తుంది, బరువు పెరిగిన స్త్రీలకూ ముప్పు ఎక్కువే. దర్జీ టేపుతో, ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య కొలవండి. చీర కుచ్చిళ్ల మీదుగా కాదు! మన స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. నాకు 91 వచ్చింది. రాత్రి రెండోసారి అన్నం వడ్డించుకోవడం ఆపి, సాయంత్రం చెరువు గట్టున నడుస్తున్నాను. ఇప్పుడు 86.

అక్క చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఊళ్లో ఎవరో ఇచ్చిన స్టిరాయిడ్ మాత్రలతో పొలుసులు మాయమయ్యాయి. చెప్పకుండా ఆపేసరికి రెట్టింపుగా లేచాయి. కొన్ని రక్తపోటు మాత్రలతోనూ ఇది ముదరవచ్చు. వాటిని సొంతంగా ఆపకుండా వైద్యుడినే అడగండి. పీచుతో రుద్దడం కూడా ఆమె మానేసింది, ఈ జబ్బు ఉన్నవారికి చర్మం గీరుకుపోయిన చోట కొత్త మచ్చలు లేస్తాయి.

ఇంత చేసినా రాదని హామీ లేదు. అందుకే ఆదివారం తలంటుకునే ముందు అక్క నా తలలో, మోచేతుల వెనుక, గోళ్ల మీద చూస్తుంది. పోయిన వారం ఒక పొలుసు కనిపించిందని కేక వేసింది. తీరా చూస్తే కొబ్బరి తురుము.