ఉప్పునీటి ట్యాంకులో నాచు తగ్గడం లేదా? ముందు టైమర్ చూడండి

కొత్తగా ఉప్పునీటి ట్యాంకు పెట్టినవాళ్లు నాకు ఫోన్ చేసి చెప్పేది ఎక్కువగా ఒకటే. రాళ్ల మీద పచ్చటి వెంట్రుకల్లా నాచు పెరుగుతోంది, పీకేసిన వారానికే మళ్లీ వస్తోంది, లైటు మార్చమంటారా అని. నేను ఎదురు అడిగేది కూడా ఒకటే. "లైటు రాత్రి ఎన్నింటికి ఆరుతోంది?"

"ఎనిమిదింటికండీ, టైమర్ పెట్టాను."

"ఆరడం మీరు చూశారా?"

దానికి జవాబు రాదు. దయచేసి ఏదైనా కొనేముందు ఆ ఒక్కటీ చూడండి.

గోధుమ రంగు పొడి

ట్యాంకు పెట్టి ఒకటి రెండు నెలలే అయి, ఇసుక మీద, అద్దం మీద గోధుమ రంగు పొడి పేరుకుంటే అవి డయాటమ్స్, అంటే కంటికి విడిగా కనిపించనంత చిన్న నాచు. వేలితో తుడిస్తే పోతాయి. లైటు తప్పేమీ లేదు. నీళ్లలోని సిలికా వాటికి బలం, చాలా బోరు నీళ్లలో అది బాగా ఉంటుంది. ఉప్పు ఆర్‌ఓ నీళ్లలోనే కలపండి. కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి.

ట్యాంకు పసుపుగా, మసగ్గా కనిపించడం

మొక్కల ట్యాంకులకు వాడే 6,500 కెల్విన్ లైటు పెట్టి ఉంటారు. కెల్విన్ అంటే వెలుగు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు వెళ్తుంది. చేపలు, రాళ్లు మాత్రమే ఉన్న ట్యాంకుకు 10,000 కెల్విన్ పైన, తెలుపు నీలం కలిసిన మామూలు ఎల్‌ఈడీ చాలు. పగడాల కోసం చేసిన ఖరీదైన లైటు ఇక్కడ నాచును పెంచడానికే పనికొస్తుంది. పగడాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మన సముద్రంలో దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే తీయడం, అమ్మడం నేరమైన జాబితాలో ఉన్నాయి. ఎవరు అమ్ముతామన్నా తీసుకోకండి.

బాగా వెలిగే లైటే ఈమధ్య మసకబారిందంటే, పైన మూత అద్దానికి ఉప్పు పొర కట్టింది. వారానికోసారి మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడవండి.

ఎనిమిది గంటలే పెట్టినా నాచు ఆగకపోవడం

ఇందులో నేను రెండు నెలలు నష్టపోయాను. మేత తగ్గించాను, నీళ్లు మార్చాను, నాచుకు తిండి అయ్యే ఫాస్ఫేట్‌ను తీసే మందు వేశాను. నాచుకు మరో తిండి నైట్రేట్, నీళ్లలో దాన్ని టెస్టు చేస్తే సున్నా. అంతా బాగుందనుకున్నాను కానీ, ఉన్న నైట్రేట్‌ను నాచే తినేస్తోందని అప్పుడు తట్టలేదు. ఒక రాత్రి రెండింటికి మంచినీళ్ల కోసం లేస్తే హాలు గోడంతా నీలంగా ఉంది. లైటు వెలుగుతోంది.

మనం వాడే, గుండ్రటి చక్రం చుట్టూ నొక్కే పిన్నులుండే టైమర్‌లో ఆ చక్రం తిరిగేది కూడా కరెంటుతోనే. కరెంటు పోతే చక్రం ఆగుతుంది, వస్తే ఆగిన చోటి నుంచే కదులుతుంది. రోజుకు అరగంట కరెంటు పోయినా 12 రోజుల్లో 6 గంటలు వెనకబడుతుంది. మధ్యాహ్నం 12 నుంచి 8 దాకా పెట్టిన లైటు సాయంత్రం 6 నుంచి రాత్రి 2 దాకా వెలుగుతుంది. మీరు ఏడింటికి ఇంటికొచ్చి చూస్తే లైటు వెలుగుతూనే ఉంటుంది, అనుమానమే రాదు. ట్యాంకు కిటికీ దగ్గరుంటే పగలంతా ఎండ వెలుగు, ఆపైన ఈ లైటు. కలిపి 20 గంటలు. చేపలకు నిద్ర ఉండదు, నాచుకు పండగే.

చక్రం మీది బాణం గుర్తు చూపించే టైమూ, మీ ఫోన్లో టైమూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే చక్రాన్ని తిప్పి సరిచేయండి. టైమర్ పక్కన చిన్న స్విచ్ ఉంటుంది, ట్యాంకు తుడిచేటప్పుడు చెయ్యి తగిలి అది 'ఎప్పుడూ ఆన్' వైపు జరిగిందేమో కూడా చూడండి. డిజిటల్ టైమర్ అయితే ప్లగ్గు తీసి పది నిమిషాలాగి మళ్లీ పెట్టండి. టైము పోయి 00:00 చూపిస్తే లోపలి బ్యాటరీ అయిపోయినట్టే, మార్చేయండి. కొన్ని చవక ఎల్‌ఈడీల్లో ఉన్న టైమర్ కూడా కరెంటు పోతే ఇలాగే మొదటికి వస్తుంది.

కరెంటు తరచూ పోయే ఊళ్లో బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరే కొనండి. టైము సరిచేశాక రెండు మూడు వారాలు 6 గంటలే వెలిగించండి, కిటికీకి పరదా వేయండి, ఉన్న నాచును చేత్తో పీకండి, వారానికి పదో వంతు నీళ్లు మార్చండి. తర్వాత 8 గంటలకు పెంచవచ్చు.

లైటు వెలగగానే చేపలు బెదరడం

చీకట్లోంచి ఒక్కసారిగా వెలుగు పడుతోంది. పావుగంట ముందు గదిలో లైటు వేయండి.

ఎండాకాలం నీళ్లు వేడెక్కడం

నీళ్లు 25-27 డిగ్రీల మధ్య ఉండాలి. మూత తీసి నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ పెట్టండి. ఆవిరైన మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోయండి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది.

లైటు మిణుకుమిణుకుమనడం

అరుదు. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, అడాప్టర్ పిన్నుకు ఉప్పు పట్టిందేమో చూడండి. తిరిగి పెట్టేటప్పుడు వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా చూడండి. వైరు వెంట జారిన నీళ్లు సాకెట్లోకి పోకుండా ఆ వంపు దగ్గరే కింద పడతాయి.